జిడ్డుగారి ఫిర్యాదులు

ఆదివారం, జూన్ 9

ప్రియమైన పిన్నికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలు మాత్రం వాతావరణ శాఖ కంటే ముందే వాన కబురు చెబుతోంది. నువ్వు బాగున్నావని అమ్మ చెప్పింది. ఆ మాట నీ నోట వింటే ఇంకా బాగుంటుంది.

ఒకే ఊళ్లో ఉంటూ ఈ ఉత్తరాలేమిటే అని అమ్మ ఎప్పటిలాగే నవ్వింది. నేను హాస్టల్లో ఉన్నప్పుడు పట్టుకున్న అలవాటు, మనిద్దర్నీ వదల్లేదు. ఈసారి కాగితం మీద కాకుండా టైపు చేసి నీ ఫోనుకే పంపుతున్నాను. నా చేతిరాత కోడి గెలికినట్టుంటుందని అనేది నువ్వే కదా, ఆ బాధ తప్పిందనుకో.

ఇళ్ల ప్లాన్లు గీయడం మానేశావట. అన్నేళ్లు గీసి గీసి విసుగొచ్చిందన్నావట. అమ్మ నమ్మేసింది. మా ఇంటికొచ్చినప్పుడల్లా మా వంటింటి తలుపు తప్పు చోట పెట్టారని గొడవపడే మనిషికి విసుగు ఎప్పుడొచ్చిందా అని నేను కాసేపు ఆలోచించాను. సరే, ఆ సంగతి అలా ఉంచు.

నేనిప్పుడు ఏం పని చేస్తున్నానో నీకు చెప్పనేలేదు. సిటీ బస్సుల కొత్త వెబ్‌సైటు మా ఆఫీసే చేస్తోంది. ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకు. కింద కుళాయిలూ టైల్సూ అమ్మే షాపు, పైన మేము. మెట్లెక్కుతుంటే రెండు పక్కలా నీళ్లు రాని కుళాయిలు వరసగా మెరుస్తూ ఉంటాయి. ఏ స్టాపుకు ఏ బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే పేజీ నాది. దాని అందచందాలు మా డిజైనర్‌వి. అతన్ని అందరం ‘ఖాళీ’ అంటాం. ఏం చూపించినా ఇంకొంచెం ఖాళీ వదులుదాం అంటాడు మరి. పేజీలో అక్షరం కనిపిస్తే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతాడు. అందుకని మాటలన్నీ తీసేసి బొమ్మలు పెట్టాం. చిన్న బస్సు, చిన్న గడియారం, చిన్న భూతద్దం. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది.

అందరికీ ఇచ్చే ముందు కొంతమంది ప్రయాణికులకు ఇచ్చి చూశాం. పేజీ అడుగున ఫిర్యాదుల పెట్టె ఒకటి పెట్టాం. పేరు రాయక్కర్లేదు. అందులోకి వచ్చిపడ్డారు జిడ్డుగారు. పేరు మేం పెట్టిందే. రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు ఆయన ఫిర్యాదు వచ్చేది.

మొదటిది ఇలా ఉంది: బటన్ అంటోంది, మళ్లీ బటన్ అంటోంది, ఇంకోసారి బటన్ అంటోంది, అది ఏం బటనో కనీసం మీకైనా తెలుసా అని. ఖాళీ పడీపడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అంటోంది ఏమిటి? అంటున్నది ఎవరు? బటన్లు మాట్లాడతాయా?

నీకు తెలుసుగా, నాకు ఒక ప్రశ్న పట్టుకుంటే అన్నం సహించదు. రెండో రోజుకు తెలిసింది. చూపు సరిగా లేనివాళ్ల కోసం ఫోనులో ఒక గొంతు ఉంటుంది. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో అది చదివి చెబుతుంది. మనం ప్రతి బొమ్మ వెనకా దాని పేరు ఒక మాటలో రాసి ఉంచాలి, ఆ మాట కళ్లకు కనిపించదు, గొంతుకే కనిపిస్తుంది. మేం రాయలేదు. పాపం ఆ గొంతు మాత్రం ఏం చేస్తుంది? బస్సునీ బటనే అంది, గడియారాన్నీ బటనే అంది.

అప్పట్నుంచి నాకో పిచ్చి పట్టింది. ఏ పేజీకి వెళ్లినా బొమ్మల వెనక్కి తొంగి చూడ్డం, చీర కొనేటప్పుడు నువ్వు ఎంబ్రాయిడరీని తిరగేసి చూస్తావే, అలాగ. చాలాచోట్ల ఏమీ ఉండదు, ఉన్నా ఫోటోకు కెమెరా ఇచ్చిన నంబరు ఉంటుంది. కానీ ఒక బేకరీవాళ్ల పేజీలో నిగనిగలాడే రొట్టె బొమ్మ వెనక ఏం రాసుందో తెలుసా? ఇది నిన్నటి రొట్టె, ఫోటో కోసం నూనె రాశాం అని! ఎవరూ చూడరనుకుని నిజం రాశాడు మహానుభావుడు. ఇంకెవరో ఊరూరా తిరిగి తలుపుల కిర్రు చప్పుళ్లు రికార్డు చేసి ఒక పేజీ నిండా పెట్టాడు. బొమ్మ ఒక్కటి లేదు. కళ్లు మూసుకుని అరగంట తలుపులు తీసుకుంటూ కూర్చున్నాను. ఒక్కో తలుపు వెనక ఎంత గది ఉందో చప్పుడును బట్టి తెలిసిపోతోంది పిన్నీ!

ఇంతలో జిడ్డుగారు ఘాటు పెంచారు. ఇల్లు కట్టి తలుపులన్నీ ఒకేలా పెట్టి, ఏది వీధిలోకో ఏది స్నానాలగదిలోకో తడుముకుని తెలుసుకోమన్నట్టుంది మీ వ్యవహారం అన్నారు. టైము కోసం నొక్కితే భాష మారిపోయిందనీ, అది మళ్లీ మార్చుకునేలోగా తన బస్సు వెళ్లిపోయిందనీ, ఐస్ ఫ్యాక్టరీ స్టాపులో ఎండలో నిలబడి ఈ ముక్కలు రాస్తున్నాననీ అన్నారు. అన్నిటికంటే చివర రాసిన ఈ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: ఫోన్ చేస్తే టైము చెప్పే పాత నంబరు కూడా తీసేస్తున్నారట కదా, ఇక ప్రతిసారీ ఎవర్నో ఒకర్ని అడగాలి, అడగడం నాకిష్టం ఉండదు అని.

నిజమే. సోమవారం, అంటే రేపే, కొత్త పేజీ మొదలు, పాత నంబరు బందు. మా మేనేజర్‌తో చెప్పాను, అన్ని బొమ్మలకూ పేర్లు రాసి, మళ్లీ సరిచూసి ఇద్దాం, కొంచెం టైము కావాలి అని. ఆయన ససేమిరా అన్నాడు. ఎవరో రిటైరైన పెద్దాయన, తోచక రాస్తున్నాడు, ఒక్క మనిషి కోసం ఊరంతటినీ ఆపుతామా అన్నాడు. నేనూ అప్పటికి ఊరుకున్నాను.

గురువారం ఉండబట్టలేక ఆ ఐస్ ఫ్యాక్టరీ స్టాపుకు వెళ్లాను. అసలీ జిడ్డుగారు ఎలా ఉంటారో చూడాలని. చేతికర్ర, నల్ల కళ్లద్దాలు, చిరాకు మొహం, ఇలా ఊహించుకున్నాను. అలాంటివాళ్లెవరూ కనిపించలేదు. తిరిగొచ్చేశాను.

వచ్చీరాగానే నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లాను. ఆయన ఫోనులో మా పేజీ తెరిచి, ఆ గొంతు పెట్టి, తెర నల్లగా చేసి చేతికిచ్చాను. మీ ఇంటికి వెళ్లే బస్సు ఎప్పుడో కనుక్కోండి సార్ అన్నాను. ఇదెంత పని అన్నాడు. బటన్ అంది. బటన్ అంది. నొక్కాడు, భాష మారింది. కంగారుగా ఇంకేదో నొక్కాడు, ఫిర్యాదుల పెట్టెలోకి ఏమీ రాయని ఫిర్యాదు వెళ్లిపోయింది. అటు నా కంప్యూటర్ టింగుమంది. అందరూ గుమ్మంలో గుమిగూడారు. ఆయనకు చెమటలు పట్టి, ఎవడయ్యా చేసింది ఈ దరిద్రప్పేజీ అని అరిచాడు. మనమే సార్ అన్నాడు ఖాళీ, చాలా వినయంగా.

తర్వాత పోట్లాట అక్కర్లేకపోయింది. శుక్ర, శనివారాలు అందరం కూర్చుని ప్రతి బొమ్మ వెనకా పేరు రాశాం. ఖాళీ అయితే పేర్లు బయటికీ కనిపించాలి, బొమ్మ కింద అక్షరాలు పెడదాం అన్నాడు! అతనికి జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకు చూశాం. అక్షరాలు పెద్దవి చేశాం. పేజీ అందం కాస్త తగ్గిందని మేనేజర్ గొణుగుతున్నాడు. నాకైతే ఇప్పుడే మనుషులు కాపురముండే ఇల్లులా ఉంది.

వీలున్నప్పుడు జవాబు రాయి. రాయడం కుదరకపోతే ఫోనులో మాట్లాడి పంపు, అదీ ఉత్తరమే. అమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఇట్లు,
ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉండే
నీ అక్క కూతురు

తా.క. పిన్నీ, స్టాపులో ఎవరూ కనిపించలేదని రాశాను. అబద్ధం. ఐస్ ఫ్యాక్టరీ వెనక సందులో, చూపు తగ్గినవాళ్లకు ఫోను వాడకం నేర్పే చోటు ఉంది. ఆ గేటులోంచి నువ్వు వచ్చావు. గోడకు వేళ్లు ఆనించి నడుస్తూ వచ్చి నా పక్కనే నిలబడ్డావు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నావు. అది బటన్ అంది, బటన్ అంది. నువ్వు పళ్లు బిగించావు. పిన్నీ అని నోటిదాకా వచ్చింది. అంతలో బస్సు వచ్చింది. నువ్వు నా వైపు తిరిగి, మీ పేట పేరు చెప్పి, ఏమండీ, ఈ బస్సు అటు వెళ్తుందాండీ అని అడిగావు.

నన్ను అండీ అన్నావు.

గొంతు మార్చి, మీ బస్సు కాదండీ, తర్వాతిది అన్నాను. అది వచ్చినప్పుడు ఇదేనండీ అన్నాను. థాంక్సమ్మా అని ఎక్కేశావు. పిలిచి ఉంటే నువ్వు దాచుకున్నది నడిబజారులో లాగేసినట్టుండేది. అందుకే పిలవలేదు. అమ్మకు చెప్పలేదు. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం.

కానీ డాక్టరు దగ్గరికి ఒక్కదానివే వెళ్తున్నావా? ఏం చెప్పాడు? నాకు చెప్పు, ఇది నేను అడుగుతున్నాను, నీకు అడగడం ఇష్టం లేకపోతే అడిగే పని నాకు వదిలెయ్. రేపు పొద్దున కొత్త పేజీ తెరుచుకుంటుంది. అందరికంటే ముందు నువ్వే నొక్కి చూడు. తప్పుంటే తిట్టు, పెట్టెలో కాదు, నాకే ఫోన్ చేసి, ఏమే అని మొదలుపెట్టి తిట్టు.