ఏ వరసన పిన్ని

సోమవారం, మధ్యాహ్నం
లాండ్రీ వెనక గది నుంచి

అక్కగారికి నమస్కారాలు.

మీరు, మీవారు, బుజ్జిబాబు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి, ‘అందరం’ కొట్టేసి ‘మేము’ అని దిద్దాను. మేము క్షేమం.

మిమ్మల్ని అక్క అన్నందుకు ఏమీ అనుకోకండి. మీ అమ్మాయి నన్ను పిన్ని అంటుంది కాబట్టి, వరస కలిపితే మీరు నాకు అక్కే అవుతారు. ఇన్నేళ్లలో మనం మాట్లాడుకున్నదంతా ఫోనులోనే, అదీ పిల్ల బస్సెక్కిందా, దిగిందా అన్నది దాటలేదు. ఇది అలా రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం. ఆసుపత్రి దుప్పట్లు ఆరేలోపు రాసెయ్యాలి. పొద్దున్నుంచి తడిబట్టలు పిండీ పిండీ వేళ్లు మాట వినడం లేదు, అక్షరాలు కోడి కెలికినట్టుంటే సర్దుకుని చదవండి.

వచ్చే శుక్రవారం మీరు అమ్మడి బడికి రావాలి. తల్లో తండ్రో స్వయంగా వచ్చి మాట్లాడకపోతే దాన్ని ఆఖరి పరీక్షలకు కూర్చోబెట్టరట, టీసీ చేతిలో పెట్టి పంపేస్తారట. ఆయన రాలేరు.

అమ్మడు మీరు చూసిన అమ్మడు కాదిప్పుడు. లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే అనుకోండి, ఇప్పుడు అవీ లేవు. మూడు నెలలుగా, పాఠం మొదలవ్వగానే ఏదో ఒక వంక చెప్పి బడి ఎగ్గొడుతోంది. పక్క బెంచీ పిల్ల ఏదో అంటే జడ పట్టుకుని లాగింది. ఇంట్లో నేను ఒకటంటే తను నాలుగంటుంది, లేదంటే రోజంతా నోరే విప్పదు. రెంటిలో ఏది నయమో నాకింకా తేలలేదు. బడి ఎగ్గొట్టి ఎక్కడికి పోతుందో తెలుసా? ఇక్కడికే. లాండ్రీ వెనక గేటు దగ్గర నిలబడి, కిటికీ అద్దంలోంచి నేను కనబడేదాకా చూసి, కనబడగానే వెళ్లిపోతుందని మా వాచ్‌మన్ చెప్పాడు. నా మీద నిఘా ఏమిటే అని ఇంటికెళ్లి చెడామడా తిట్టాను.

పోయిన గురువారం క్లాసు టీచరు రమ్మంటే వెళ్లాను. ఆవిడ ఒక కాగితం మీద గుండ్రాలు గీస్తూ, ఇంట్లో ఎవరెవరని అడిగారు. తల్లి గుండ్రం ఒక మూల, లారీ నడిపే తండ్రి గుండ్రం ఇంకో మూల, పిల్లదీ పిన్నిదీ మధ్యలో. ఇలాంటి ఇళ్లలో పిల్లలు ఇలాగే తయారవుతారండీ అన్నారు. ఇలాంటి ఇళ్లంటే ఎలాంటివి అని అడుగుదామనుకున్నాను. వాదించే ఓపిక లేదు. నడుం విరిగిపోతోంది, ఆ చిన్నపిల్లల బెంచీ మీద ఎలా కూర్చోవాలో తెలియడం లేదు. ఊరుకున్నాను.

నేను ఊరుకున్నా ఆవిడ ఊరుకోలేదు. కన్నకూతుర్ని తీసుకొచ్చి చెల్లెలి నెత్తిన పడేయడానికి మీ అక్కకు మనసెలా ఒప్పిందండీ అని మొదలుపెట్టారు. ఏ అక్కో నాకు అర్థం కాలేదు, నాకు అక్కలే లేరు. కాసేపటికి వెలిగింది. పిన్ని అనేసరికి నన్ను మీ తోడబుట్టినదాన్ననుకున్నారు! కాదండీ, నేను వాళ్ల నాన్న రెండో భార్యని అని దిద్దాలా వద్దా? దిద్దకపోగా, మా అక్కని ఏమీ అనకండి, దానికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు, ఇంట్లో చంటివాడు, అయినా ఒక్క ఆదివారం కూడా పిల్లతో మాట్లాడకుండా ఉండదు అని కసిరాను. మిమ్మల్ని ‘అది’ అన్నందుకు క్షమించాలి. సొంత అక్కనైతే అలాగే అంటారు కదా, ఊపులో వచ్చేసింది.

బయటికొచ్చాక అమ్మడు నెమ్మదిగా ఒప్పుకుంది. టీచరు పొరబడలేదట, తనే అలా చెప్పిందట. ఎందుకే అంటే, ఊరికే అంది.

మీరొచ్చాక దాని వాలకం చూస్తే, వెంటబెట్టుకుని వెళ్లిపోవాలనిపిస్తుంది. కన్నతల్లి మీరు, మీకు హక్కుంది. కానీ పరీక్షలయ్యేదాకా కదపకండి. ఇప్పుడు బడి మారితే ఏడాది చదువు మట్టికొట్టుకుపోతుంది. ఇది పైకి చెప్పుకునే కారణం. అసలు కారణం, అది లేని ఇంటికి నేను వెళ్లలేను. సాయంత్రం తలుపు అదే తీస్తుంది, విసుక్కుంటూనే తీస్తుంది. ఆదివారం పని ఎక్కువుంటే ఇక్కడికొచ్చి దుప్పటి రెండో కొస పట్టుకుంటుంది, మాటా మంతీ లేకుండా బోలెడు మడిచిపెట్టి పోతుంది. అలిసిపోయాను అక్కా. అలిసిపోయినా నాకు అది కావాలి.

దుప్పట్లు ఆరినట్టున్నాయి, పిలుస్తున్నారు. బాబుకి ముద్దులు.

ఇట్లు,
వరసకు మీ చెల్లెలు

తా.క.: ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. ఆయన రాలేరని రాశాను గానీ, ఎందుకో రాయలేదు. మూడు నెలల క్రితం ఆయన బట్టలు సర్దుకుని వెళ్లిపోయారు. ఇప్పుడు ఇంకొకరితో ఉంటున్నారు, నాతో తెగతెంపులే అన్నారు. పిల్ల సంగతి తర్వాత చూద్దామన్నారు, ఇంతవరకు చూడలేదు. మీకు తెలిస్తే తీసుకుపోతారని అమ్మడు నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు ఇప్పుడు తీసి గట్టున పెట్టాను. ఆయన వెళ్లిన రోజు అది అడిగింది ఒక్కటే, నాన్న లేకపోతే నువ్వు నాకేమవుతావు అని. ముందు అన్నం తినవే అన్నాను. మర్నాడే బడికెళ్లి నన్ను అమ్మ చెల్లెలని చెప్పిందట. నాన్న భార్యవైతే నాన్నతోనే వరస తెగిపోతుంది, అమ్మ చెల్లెలివైతే తెగదు కదా అని నిన్న తింటూ తింటూ, తలెత్తకుండా చెప్పింది. శుక్రవారం ఆ టీచరు నన్ను చూపించి, ఈవిడ మీ చెల్లెలేనా అని అడుగుతారు. కాదనకండి.