నాటకం మీది, పోగులు నావి

నా పేరు నారాయణమ్మ. వయసు డెబ్బై రెండో మూడో, పుట్టిన ఏడు రాసిపెట్టినవాళ్ళు లేరు. పుట్టిందీ మెట్టిందీ బద్వేలు పక్కన నేతవాళ్ళ వీధి. మగ్గం ఆగినప్పటి నుంచి ఉంటున్నది ఓర్వకల్లులో, కూతురు లక్ష్మీదేవి ఇంట్లో, అల్లుడు, మనవరాలితో. నాకు రాత రాదు. నేను చెబుతుంటే పక్కింటి సలోమి రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తబరచనని ఆమె చేత ప్రమాణం చేయించాను.

ఒరేయ్ తమ్ముడూ, ఓబులేసూ, అక్క దీవెన. నువ్వూ, మరదలూ, పిల్లలూ కులాసాగానే ఉన్నారనుకుంటాను. ఉండాలి కూడా. ఈ ఉత్తరం విని తట్టుకోవాలంటే ఒంట్లో సత్తువ కావాలి. మోకాలికి ఆముదం కాచి పట్టిస్తున్నావా, లేక మరదలు చెబితేనే గాని కదలవా?

నేను బాగున్నాను. ఇక్కడంతా రాళ్ళ గుట్టలు, పొద్దు గూకినా బండలు చల్లబడవు. కూతురు సంగటి కెలుకుతుంది, ఊరిబిండి నూరుతుంది. తిండికి లోటు లేదు. లోటంతా చెవులకే. మన వీధిలో తెల్లారితే ఇంటింటా మగ్గం చప్పుడు. ఇక్కడ లారీలు, నెత్తిన విమానం. లేవగానే ఆ చప్పుడు కోసం కాసేపు చెవి ఒగ్గుతాను, తర్వాత గుర్తొస్తుంది. మళ్ళీ చెబుతున్నాను, బాగున్నాను. నా గురించి బెంగ పడొద్దు. నీ గురించి పడు.

పోయిన వారం నీ కొడుకు రవి తన జట్టుతో వచ్చి ఇక్కడి మైదానంలో నాటకం ఆడాడు. మగ్గం ఆపి ఊరు విడిచే నేతగత్తె కథ. మా మేనల్లుడని వీధంతా చెప్పుకుని, ఎదురింటి హుసేన్ బీని వెంటబెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను.

నేతగత్తె వేషం కట్టిన పిల్ల మొదటి నుంచి చివరి దాకా ఏడుస్తూనే ఉంది. నేను ఊరు విడిచిన రోజు ఏడ్చానా? బస్సులో సీటు కోసం కండక్టరుతో పోట్లాడాను, నువ్వే చూశావు. సావుకారు వేషం కట్టినవాడు మాత్రం బాగా చేశాడు. అంచు పట్టుకుని చీరలో తప్పు వెతికే ఆ చూపుకు నా చెయ్యి చెప్పు మీదికి పోయింది. వాడికి నా దీవెనలు చెప్పు. లైట్లు మొదట్లో బాగున్నాయి. మగ్గం మీదికి కిటికీ వెలుగు ఏటవాలుగా పడితే, మన నడిమింట్లో కూర్చున్నట్టే అయింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏడ్చినప్పుడల్లా ఎర్ర లైటు. పెళ్ళి ఊరేగింపా అది?

మగ్గం చప్పుడు పెట్టెలోంచి వచ్చింది. పిల్ల చెయ్యి ఆగినా చప్పుడు ఆగదు. హుసేన్ బీ నా చెవిలో, "వదినా, మగ్గానికి దయ్యం పట్టినట్టుండాదే" అంది. ఉరుములైతే, మన సీమలో ఏడాదంతా ఉరిమినా అన్ని రావు.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఆఖరున ఆ పిల్ల ఒక పన్నె ఎత్తి పట్టుకుంది. దువ్వెన పళ్ళలాంటి సందుల్లోంచి పోగుల కొసలు వేలాడుతున్న మగ్గం పన్నె. కొసలకు ఎర్రంచు తువ్వాలు పేలిక కట్టి ఉంది. మీ బావ తువ్వాలు. నేను నా పళ్ళతో చింపి, నా చేత్తో కట్టి, నీ అటక మీద పెట్టి, "చూసుకో" అని నీకు అప్పజెప్పిన పన్నె!

మగ్గం ఆపినప్పుడు పాత పోగుల కొసలు పన్నెలో ఎందుకు ఉంచుతామో నీకు నేను చెప్పాలా? కొత్త పడుగు వస్తే, బూడిద అద్దిన వేళ్ళతో ఒక్కో పోగూ ఆ కొసలకే మెలేసి అతుకుతాం. కొసలు ఉన్నంత కాలం మగ్గం ఆగినట్టు, చచ్చినట్టు కాదు.

ఆ పిల్ల కత్తెర తీసి కొసలు కత్తిరించడం మొదలుపెట్టింది.

లేచాను. "ఏయ్ పిల్లా! కత్తెర దించు! అది మా మగ్గందే!" అని అరిచాను. లైటువాడు లైటు నా ముఖాన కొట్టాడు. జనం చప్పట్లు. వెనక నుంచి ఎవడో, "ముసల్ది ఏం చేస్తాందప్పా! నిజంగా ఏడ్చినట్టే ఉండాది" అన్నాడు.

"ఏడవలేదురా, తిడతాండా!" అన్నాను. ఇంకా చప్పట్లు. ఉరుములవాడు నాకూ ఒక ఉరుము వేశాడు.

మెట్లెక్కి పోయి పన్నె పట్టుకున్నాను. ఆ పిల్ల గొంతు తగ్గించి, "అవ్వా, ఇది నాటకం" అంది.

"నాటకం మీది, పోగులు నావి" అని లాక్కున్నాను.

తెర పడగానే రవి పరిగెత్తుకొచ్చాడు. "అత్తా, ఎంత బాగా కుదిరిందో! రేపు నంద్యాలలో కూడా ఇట్లే లేచ్చావా?"

"ఈ పన్నె నీకెవరిచ్చినార్రా?"

"నాయనే. అటక మీద ఊరికే పడుండాది, తీసుకుపో అన్న్యాడు."

ఊరికే పడుండాదా, ఓబులేసూ? పడి ఉండటానికీ ఆగి ఉండటానికీ తేడా తెలియనివాడివా నువ్వు? నేనూ ఇక్కడ కూతురింట్లో ఊరికే పడి ఉన్నానా? ఆ నేతగత్తె నేనేననుకుని వీధి వీధంతా ఇప్పుడు నన్ను, "నీ మగ్గం నువ్వే కోసుకున్యావంట కదవ్వా" అని అడుగుతోంది. నేను కోయలేదు. ఆ మాట ఎవరైనా అంటే ఈ కాగితం చూపించు.

నాటకం వచ్చే నెల మన వీధిలోనే ఆడతారట. ఆడనీ. కానీ కోత ఉండకూడదు. ఆ పిల్ల కొసలు ముడేసి అటక మీద పెట్టి, కళ్ళు తుడుచుకోకుండా బస్సెక్కాలి. లేదంటే నేనొచ్చి మళ్ళీ లేస్తాను. అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు, నా గొంతు వాళ్ళకు తెలుసు.

పన్నె నా దగ్గరే ఉంది, తిరిగి ఇవ్వను. సగం పోగులు పోయాయి. నువ్వే వచ్చి కొత్త పోగులు గుచ్చాలి, నా కళ్ళకు ఆ సందులు ఆనవు. వచ్చేటప్పుడు కొర్రలు తీసుకురా. మన పొయ్యి బూడిద ఒక మూట తీసుకురా. ఇక్కడ గ్యాసు పొయ్యి, ఇల్లంతా వెతికినా చిటికెడు బూడిద లేదు. సగం మిగిలింది కాబట్టే ఇంకా నిన్ను తమ్ముడూ అంటున్నాను.

చిన్నత్త కాళ్ళకు నా దండాలు. ఆమె దీవెన నాకు కావాలని చెప్పు. మరదలికీ పిల్లలకూ నిండు దీవెనలు. రవికి సగం.

వేలిముద్ర వెయ్యను. తెగిన పోగు ఒకటి కొత్త పోగుకు విభూతితో మెలేసి అతికి, ఈ కాగితానికి కుట్టాను. లాగి చూడు, ఊడదు. అదే నా గుర్తు.

నారాయణమ్మ

సాక్షులు: పక్కన కూర్చుని చూసిన హుసేన్ బీ, చెప్పింది చెప్పినట్టు రాసిన సలోమి.