జానెడు లోతు

అక్కా,

వాన తెరిపిచ్చి నాలుగు రోజులైంది. ఒడ్డున ఇసుక ఇంకా చెమ్మగానే ఉంది. ఈ పొద్దున పోటు తగ్గాక వెళ్ళి ఆరు చోట్ల గొట్టం దింపి ఇసుక తెచ్చాను. ఇంట్లో అందరం బాగున్నాం. నీ మోకాలి వాపు తగ్గిందని రాశావు, సంతోషం.

మైక్రోస్కోపు ముందు కుర్చీ నాకిచ్చారా అని అడిగావు. ఇచ్చారు. ఎలా ఇచ్చారో చెప్పాలి.

నువ్వు బదిలీ అయ్యాక ల్యాబులో పెద్దసారు ఆ కుర్చీలో కొత్తమ్మాయిని కూర్చోబెట్టాడు. తొమ్మిదేళ్ళుగా ఇసుక మోస్తున్నది నేను. జల్లెడ పట్టి, కంటికి ఆనేలా గులాబీ రంగు వేసి, రేణువుల సందుల్లో బతికే ఆ పురుగుల్ని గాజుపలక మీదికి తెచ్చేది నేను. లెక్కపెట్టేది ఆమె. మూడు వారాల్లోనే ఏ పురుగు ఏదో తడుముకోకుండా చెప్పేసేది. ఆమె కుర్చీలో మడిచి వేసుకున్న తువ్వాలు చూసినా నాకు ఒళ్ళు మండేది.

"చూపంటే అదీ! నువ్వూ ఉన్నావు, పీచుకీ పురుక్కీ తేడా తెలీకుండా," అన్నాడు సారు నాతో, అందరి ముందూ.

ఆ పిల్ల నవ్వలేదు. "అక్క ఇసుక తేకపోతే నేను చూసేదేముంది సార్?" అంది. నవ్వి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదేమో.

వేసవిలో గొట్టానికి ఏడెనిమిది వందల పురుగులు వచ్చాయి. వానలు పడగానే డెబ్భై, అరవై. "కళ్ళు తెరిచే చూస్తున్నావా?" అని సారు ఆమె మీద విరుచుకుపడ్డాడు. మూడోసారీ అంతే వచ్చేసరికి ఆమెను లేపి నన్ను కూర్చోబెట్టాడు. ఆ పిల్ల బయటికొచ్చి, "అక్కా, నా కళ్ళకేమైనా అయిందంటావా?" అని నన్ను అడిగింది. అద్దాలు వేయించుకోమన్నాను.

ఆమె కళ్ళకేమీ కాలేదక్కా. వానలకి పైఇసుకలో ఉప్పు తగ్గితే పురుగులు కిందికి దిగిపోతాయని, అప్పుడు గొట్టం జానెడు దింపాలని నువ్వే నేర్పావు. వానలు పడ్డ ఆ రెండు నెలలూ నేను నాలుగు వేళ్ళే దింపాను. సంచీ వెలితిగా కనబడకుండా పక్కన పైపైన గీకి నింపాను. కుర్చీ నాదయ్యాక జానెడు దింపాను. ఐదు వందలు దాటాయి.

"అనుభవమంటే ఇదీ," అన్నాడు సారు. నేను లెక్క రాసిన కాగితమే చూపించి ఆమెను ఇక రావద్దన్నాడు. నేను అక్కడే ఉన్నాను. జల్లెడ కడుగుతున్నాను.

సారుకి ఇంకా చెప్పలేదు. ముందు నీకు రాస్తున్నాను.

కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ అమ్మాయి సోమవారం పొద్దున ఏడింటి బస్సుకి వెళ్ళిపోయింది.

ఇట్లు,
నువ్వు పని నేర్పిన చెల్లెలు