అమ్మ కుడిచేతి వైపు

ఫిబ్రవరి 10
బ్రాడీపేట ఆసుపత్రికి వెళ్లొచ్చాం. పక్షవాతం వచ్చి రెండు నెలలైంది, అమ్మ కుడిచెయ్యి ఒళ్లోనే పడి ఉంటోంది. కదలిక కాస్త ఉందట. వాడకపోతే అదీ పోతుందట. ఫిజియో నజ్మీన్ గారు పసుపు రంగు బాల్ ఇచ్చి రోజూ పిసకమన్నారు. ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి అన్నీ నాకే చెప్పారు. ఎక్సర్‌సైజులన్నీ పేపర్ మీద రాసి మంచానికి ఎదురుగా గోడకి అంటించాను.

ఫిబ్రవరి 11
అమ్మకి చదవడం రాదు. అంటించేటప్పుడు గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 19
బాల్ మంచం కింద దొరికింది. "దాన్ని పిసికితే ఏం వచ్చిద్దే, నిమ్మరసమా?" అంది అమ్మ. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 22, మధ్యాహ్నం
కాలేజీ లేదు. ఊరికే ఇల్లు చూస్తూ కూర్చున్నాను. కోటేశ్వరి పెద్దమ్మ అన్నం కలిపి అమ్మకి ముద్దలు పెడుతుంది. నాన్న గ్లాసు నోటికి అందిస్తాడు. జాకెట్టు హుక్కులు నేను పెడతాను. చెంబు, దువ్వెన, దుప్పటి అన్నీ ఎడమవైపే. అమ్మ కూర్చున్న చోటు నుంచి చూస్తే ఈ ఇంట్లో కుడిచేతికి పనే లేదు. అది మాత్రం ఎందుకు లేస్తుంది?
అన్నీ కుడివైపుకి మార్చేశాను. గోడ మీది పేపర్ చించేశాను.

ఫిబ్రవరి 23
కన్నతల్లిని సతాయించడానికేనా నిన్ను చదివించింది అని పెద్దమ్మ మండిపడింది. నాన్న చెంబు మళ్లీ ఎడమవైపు పెట్టాడు. ఆయన పొలం వెళ్లగానే కుడివైపు పెట్టాను.

మార్చి 2
అమ్మ ఒళ్లంతా తిప్పి, ఎడమచెయ్యి చాచి అందుకుంటోంది. మొండిది. నేనూ అంతే. ఒంటిచేత్తో కాని పనేదో కావాలి.

మార్చి 9
కల్లంలో మిరపకాయలు ఆరబోశాం. అమ్మని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టాను. సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది, గాలి లేచింది. అందరం పట్టాలు కప్పుతున్నాం. అమ్మ పక్కన పట్టా మూల ఒకటి లేచి కొట్టుకుంటోంది. ఎవరూ ఏమీ చెప్పలేదు. అమ్మ వంగి ఎడమచేత్తో పట్టుకుంది. గాలి గుంజుతోంది. కుడిచెయ్యి వెళ్లి దాని మీద పడింది. వేళ్లు ముడుచుకున్నాయి.
పెద్దమ్మ సాయానికి పరిగెత్తబోయింది. కొంగు పట్టుకుని ఆపాను.
కాసేపటికి పట్టా జారిపోయింది. కాయలు కొన్ని తడిశాయి. నాన్న నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చాక చెంబు తనే కుడివైపు పెట్టాడు.

మార్చి 10, ఉదయం
పక్షవాతం రాకముందు నా జడ అమ్మే వేసేది. జడ విప్పేసి, దువ్వెన మంచం మీద పెట్టి, అమ్మకి వీపు తిప్పి కింద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. బస్సు టైమైంది.
"ఏందే ఆ జుట్టు? ఇట్టాగే పోతావా కాలేజీకి?"
పోతానన్నాను. పోయాను.

మార్చి 11
విరబోసుకునే వెళ్లాను. అద్దంకి బస్టాండులో ఎవరో నవ్వారు.

మార్చి 27
జడ వంకరగా ఉంది, వదులుగా కూడా. అద్దంకి దాకా సీటుకి ఆనుకోకుండా కూర్చున్నాను.