వాన కబురు చెప్పని అల్లుడు

సోమవారం

అల్లుడికి మేనత్త దీవెనలు.

నేను బాగానే ఉన్నాను. ఫోనే, సబ్బునీళ్ల తొట్టిలో పడి ప్రాణం విడిచింది. అందుకే ఈ ఉత్తరం మీ వీధి మీదుగా వెళ్లే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

బడ్జెట్ దగ్గర అధికార పక్షం, ప్రతిపక్షం రెండూ పంతానికి పోయి మీ వాతావరణ ఆఫీసుకి తాళం వేయించాయట కదా! వారంగా రేడియోలో వాన కబురే లేదు. నా లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు రెండు వందలు వచ్చి పడ్డాయి. ఆరెయ్యాల్సింది మేడ మీదే. ఇంకొక్కసారి తడి దుప్పట్లు ఇస్తే పని పక్క వీధి మిషన్లవాడికి ఇచ్చేస్తానని సూపరింటెండెంటు ముఖం మీదే చెప్పాడు. ఆ పని పోతే నేను కొట్టు మూసుకోవాల్సిందే. రేపు వానుందా లేదా, ఒక్క ముక్క చెప్పు నాయనా.

నీ మేనత్త

తా.క.: తాళం ఆఫీసుకి వేశారు గానీ ఆకాశానికి వెయ్యలేదుగా! తలెత్తి చూసి చెప్పు.

సోమవారం సాయంత్రం

అత్తయ్యకు నమస్కారాలు.

చెప్పకూడదత్తయ్యా. బడ్జెట్ తెమిలేదాకా జీతం లేకుండా ఇంట్లో కూర్చోమన్నారు. ఊరికే చేసిపెడతానన్నా తప్పేనట. వాన గురించి నోరు విప్పితే పని చేసినట్టే లెక్క. నాతో సంతకం కూడా పెట్టించుకున్నారు. నిన్న పక్కింటావిడ "ఉక్కగా ఉంది కదూ" అంటే తలుపేసుకుని లోపలికి పోయాను. ఏమీ అనుకోకండి. గొడుగు పట్టుకుని బయటికి వెళ్లే పనుంది, ఉంటాను.

మీ అల్లుడు

తా.క.: ఎలుకల కోసం ఆఫీసులో పెంచిన పిల్లిని మా ఇంటికి తెచ్చుకున్నాను. దాని పాలు కూడా బడ్జెట్‌లోనే ఇరుక్కున్నాయి.

బుధవారం

అల్లుడికి అత్త అక్షింతలు. దీవెనలవి కాదు, తిట్లవి.

గొడుగు అన్న మాట చూడగానే "ఆహా, నా అల్లుడు ఎంత తెలివిగా సైగ చేశాడు!" అని మురిసిపోయాను. దుప్పట్లు మేడ ఎక్కించలేదు. వానొస్తుందని వీధి వీధంతా చాటాను. తీరా చూస్తే మాడు పగిలే ఎండ! తడి దుప్పట్లు ముక్కిపోతే మళ్లీ ఉతికాను, నా నడుం విరిగింది. రేపు సాయంత్రం సూపరింటెండెంటు స్వయంగా వచ్చి తీసుకెళ్తాడట. ఈసారైనా సైగ సరిగ్గా చెయ్యి.

నీ మేనత్త

తా.క.: బడ్జెట్ మీద రెండు పక్షాలవాళ్లూ రేపు మా వీధిలోనే ఎదురెదురుగా ధర్నాకి కూర్చుంటారట. పందిరి వెయ్యాలా వద్దా అని వాళ్ల నాయకులు, ఆ పెద్దాయనలిద్దరూ నాకే కబురు పంపారు. నా అల్లుడు వాతావరణ ఆఫీసువాడని తెలుసుగా!

బుధవారం సాయంత్రం

అత్తయ్యా, మీకో దండం!

సైగా లేదు, పాడూ లేదు. గొడుగు కర్ర విరిగితే బాగుచేయించడానికి తీసుకెళ్లాను. నా ఉత్తరాల్లో వానని వెతక్కండి. పనీపాటా లేక రేపు గేటుకి రంగు వేసుకుందామనుకుంటున్నాను, అంతే.

మీ అల్లుడు

తా.క.: రంగు పూసుకోకుండా పిల్లిని లోపల పెట్టాలి. ఈ వారంలో నాకున్న ఆఫీసు పని అదొక్కటే.

శుక్రవారం

నీ గేటు రంగుని నమ్ముకున్న అత్త రాయునది.

రంగు వేస్తున్నావంటే వాన లేనట్టే కదా! దుప్పట్లు రెండు వందలూ మేడ మీద ఆరేశాను. పందిరి అక్కర్లేదని పెద్దాయనలిద్దరికీ చెప్పాను. మధ్యాహ్నానికి కుండపోత! జనం తలో దిక్కుకీ పరుగెత్తారు. పెద్దాయనలిద్దరూ నిలువునా తడిసి నా కొట్లోకే దూరారు. తడిసిన బట్టలన్నీ ఇస్త్రీపెట్టెతో ఆరబెడతానన్నాను. అందాకా తొడుక్కోవడానికి కొట్లో పొడిగా ఉన్నవి ఆసుపత్రి రోగుల గౌన్లే. వెనక తెరిచి ఉంటాయే, అవి.

ఎదురెదురు బల్లల మీద కూర్చుని కొట్లాట మొదలెట్టారు. "నేను వాకౌట్ చేస్తున్నా!" అని అధికార పక్షం పెద్దాయన లేవబోయాడు. వెనక చల్లగాలి తగిలింది కాబోలు, మళ్లీ కూలబడ్డాడు. రెండో ఆయన నవ్వబోయి, తన వెనకా అంతేనని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఇంతలో సూపరింటెండెంటు రానే వచ్చాడు. సాయంత్రమన్నవాడు ముందే దిగాడు. ఆయన గౌన్లే చూశాడు, ముఖాలు చూడలేదు. "వార్డు వదిలి ఇక్కడ కబుర్లేంటి? పదండి, ఇద్దరికీ సూది వేయిస్తా!" అని గద్దించాడు. "నోర్ముయ్!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. నెల రోజుల్లో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలట! ఆయన అప్పుడు వాళ్లని గుర్తుపట్టి, దండాలు పెట్టి, దుప్పట్లకి వారం గడువిచ్చి, గొడుగు కూడా మర్చిపోయి పోయాడు.

ఆ దెబ్బకి ఇద్దరికీ నవ్వాగలేదు. బట్టలు ఆరేసరికి మూడు గంటలు పట్టింది. నేనూ తొందరపడలేదులే. ఈలోగా బడ్జెట్ ఒప్పందం కుదిరి, నా లాండ్రీ రసీదు వెనక రాసి సంతకాలు పెట్టారు. అందులో ఆసుపత్రికి బట్టలారబెట్టే గది కూడా ఉంది, దానికి నేనే పెద్ద! రేడియోలో విన్నావుగా, సోమవారం నీ ఆఫీసు తెరుస్తారు.

నీ మేనత్త

తా.క.: వెళ్లగానే మొదటి వాన కబురు నాకే చెప్పు. నువ్వు ఏది చెప్తే దానికి తిరగేసి దుప్పట్లు ఆరేసుకుంటాను.