బావ కోసేసిన అడ్డదూలం

హెన్‌డ్రె, సోమవారం

తమ్ముడు ఇద్వాల్‌కి,

అందరం ప్రాణాలతోనే ఉన్నాం, ముందు అది చదువుకో.

కొత్త అలమర మేడగదిలోకి పట్టడం లేదని మీ బావ శుక్రవారం అడ్డదూలం కోసేశాడు. అదీ నువ్వు వదిలివెళ్ళిన రంపంతోనే. "దీని మీద ఏమీ లేదుగా, ఉత్తినే అడ్డం" అన్నాడు. కప్పును మోసే రెండు వంకర ఓక్ దుంగలనీ కలిపి పట్టుకున్నది అదొక్కటేనని ఆయనకి తోచలేదు. ఆదివారం చాపెల్‌లో ప్రార్థన నుంచి వచ్చేసరికి వాకిలి వైపు గోడ బయటికి ఉబ్బింది, తలుపు మూసుకోవడం లేదు. ఇవాళ పొద్దున ఆవులు నడవ దాకా వచ్చి, ఇంట్లో తాము కట్టుండే సగంలోకి అడుగు పెట్టకుండా మొండికేశాయి. వాటిని గడ్డిపాకలోకి మార్చాం. అమ్మే పొయ్యి దగ్గర నుంచి కదలదు. "మీ ముత్తవ్వ రాజేసిన నిప్పే ఇది. నేను లేస్తే ఆరిపోతుంది. గొడ్లకి భయమైతే గొడ్లనే పొమ్మను" అంటోంది. నీ మాటైతే వింటుంది.

గురువారం లోపు రా. ఇనప పట్టీలు, పెద్ద మరలు తీసుకురా. దగ్గు తగ్గిందా? మేజోళ్ళు అందాయా? వచ్చాక బావను తిట్టకు. గోడకి ఊతకర్ర పెట్టి, దాని పక్కనే కూర్చుని అన్నం కూడా ముట్టడం లేదు.

అమ్మ దీవెనలు. "తలుపు ఎలాగూ మూసుకోదు, తట్టకుండా తిన్నగా నా దగ్గరికే రమ్మని రాయి" అంటోంది.

మీ అక్క,
లౌరి