సర్దార్ చూడని బుట్ట

1972, గురువారం

కాలేజీ నాటి నుంచి ఆటలో బంతి తెచ్చి అందరికీ అందించే గార్డు స్థానంలో ఆడిన నేను, మోకాలు మొండికేయడంతో, మా గని బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్ పదవిని అధిష్ఠించి నేటికి నాలుగు రోజులు. ఆదివారం బెల్లంపల్లి జట్టు చేతిలో ఓడితే పదవీచ్యుతి, ఆపై గనిలో డ్యూటీ. మేనేజరు గారు నవ్వుతూనే చెప్పారు.

మా వీరులు బంతిని బుట్ట దాకా తెస్తారు, అక్కడ టక్కున ఆగిపోతారు. ఈ రోజు ఈల ఊది అడిగాను.

"ఏందిరా, బుట్ట కిందికి ఎందుకు పోతలేరు?"

"సర్దార్ కాక ఇంకా పోలే గదన్నా," అన్నాడు రాజయ్య.

అప్పుడు అర్థమైంది. గనిలో సర్దార్ కర్రతో పైకప్పు తట్టి చూసి పిలిచేదాకా ఎవరూ అడుగు ముందుకు వేయరు. ఆ సర్దారే మా జట్టులోని మల్లయ్య కాక. బొజ్జతో అందరికంటే వెనక వస్తున్నాడు.

"కాకా, నువ్వు ఉరుకకు. బుట్ట కాడనే నిలబడి, పైకి చూసి కేకెయ్యి."

కాక గంభీరంగా పైకి చూశాడు. "మంచిగనే ఉన్నది, రాండ్రి!"

నలుగురూ దూకారు. వరసగా ఆరు బుట్టలు! పదవి దక్కిందని పాడుకుంటూ ఇంటికొచ్చాను.

అన్నం ముందు కూర్చున్నాక గుర్తొచ్చింది. బెల్లంపల్లి వాళ్లూ గని వాళ్లే, సర్దార్ కేక వింటే అడుగు ముందుకు వేసేవాళ్లే. కాక కేకేస్తే వాళ్లు కూడా లోపలికి వచ్చేస్తే...